జిర్కోనియా దంత తొడుగులు: వేడితో బలం
పోటీ పరీక్షల ప్రత్యేకం – సైన్స్ అండ్ టెక్నాలజీ

• రెండు పొరల పంటి తొడుగులో లోపలిది జిర్కోనియా అనే సిరామిక్ (బలానికి), పైది పింగాణీ (సహజ రంగుకు).
• శుద్ధ జిర్కోనియా 1170 డిగ్రీల సెల్సియస్ వరకు మోనోక్లినిక్, ఆపై 2370 వరకు టెట్రాగోనల్, తర్వాత క్యూబిక్ స్ఫటిక రూపంలో ఉంటుంది.
• సుమారు 3 మోల్ శాతం ఇట్రియా (ఇట్రియం ఆక్సైడ్) స్థిరీకారిగా కలిపితే టెట్రాగోనల్ రూపం గది ఉష్ణోగ్రతలోనూ నిలుస్తుంది. పగులు మొదలైనచోట స్ఫటికాలు మోనోక్లినిక్‌గా మారి, సుమారు 4 శాతం ఉబ్బి, దాన్ని అడ్డుకుంటాయి.
• సుమారు 1500 డిగ్రీల వద్ద సింటరింగ్ (పొడి కణాలు కరగకుండా వేడితో అతుక్కునేలా చేయడం) చేస్తే జిర్కోనియా గట్టిపడి, కొలతలో దాదాపు 20 శాతం కుంచించుకుపోతుంది.
• చల్లారేటప్పుడు పగలకుండా, పింగాణీ ఉష్ణ వ్యాకోచ గుణకం జిర్కోనియా కంటే కాస్త తక్కువగా ఉండాలి.
• జిర్కోనియా అధమ ఉష్ణవాహకం. కాబట్టి త్వరగా చల్లార్చితే పింగాణీలో అవశేష ప్రతిబలాలు పెరిగి పెచ్చులూడవచ్చు.

మాదిరి ప్రశ్న: జిర్కోనియాలో స్థిరీకారి ఏది?
జవాబు: ఇట్రియా