పులియుట – పాడగుట

బాన్సువాడ ఇళ్ళలో రాత్రి రుబ్బి ఉంచిన ఇడ్లీ పిండి తెల్లవారేసరికి పొంగి, బుడగలు తేలి, పుల్లని వాసన వేస్తుంది. ఏ గృహిణీ దానిని చెడిపోయిందని పారవేయదు. అదే పిండిపై నల్లని బూజు కనిపిస్తే క్షణమైనా ఉంచదు. మన భాష సైతం ఈ భేదాన్ని ఎరుగును. పిండి ‘పులుస్తుంది’, అన్నం ‘పాచిపోతుంది’, పండు ‘కుళ్ళుతుంది’, నీరు ‘మురుగుతుంది’. సూక్ష్మదర్శిని లేని కాలంలో మన పూర్వులు ముక్కుతో, నాలుకతో పరీక్షించి ఏర్పరచుకొన్న మాటలివి.

ఈ ప్రాంతంలో పులియుటకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఈతకల్లు. చెట్టు మొవ్వు దగ్గర గీత గీసి, లొట్టి కడతారు. అప్పుడే ఊరిన నీరా తేటగా, తియ్యగా ఉంటుంది. లొట్టిలోని ఈస్ట్ కణాలు ఆ తీపిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తాయి; నురగకు కారణం ఆ వాయువే. లాక్టిక్ బాక్టీరియా పులుపునిస్తుంది. ద్రవం పాలవలె తెల్లబడుతుంది. నీరాను నీరాగానే ఉంచదలచినవారు లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం ఈ క్రియను మందగింపజేస్తుంది. ఒక దినంలో ఆల్కహాలు ఇంచుమించు 4 నుంచి 5 శాతానికి చేరుతుంది. ఆపై గాలి తగిలినకొద్దీ అసిటిక్ బాక్టీరియా దానిని సిర్కాగా మారుస్తుంది. కల్లు కోరినవానికి అది చెడు, సిర్కా కోరినవానికి ఫలం!

1856లో ఫ్రాన్సు దేశపు లీల్ నగరంలో బీటుదుంపల నుంచి ఆల్కహాలు తీసే ఒక వర్తకుని తొట్లు కొన్ని పుల్లబడిపోయాయి. ఆచార్యుడు లూయీ పాశ్చర్ ఆ ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. మంచి తొట్లలో గుండ్రని ఈస్ట్ కణాలు, చెడిన తొట్లలో అంతకన్న చిన్నవైన కడ్డీల వంటి జీవులు కనిపించాయి. 1876లో బీరు చెడుటకు గల కారణాలపై ఆయన ఒక గ్రంథమే ప్రకటించాడు.

కనుక నురగ, మసకదనం, అడుగున తేరిన మడ్డి చూసి భయపడవలసిన పని లేదు. తీగవలె సాగే జిగురు, రంగురంగుల బూజు, కుళ్ళిన వాసన కనిపిస్తే ఇతర జీవులు చేరినట్లు భావించాలి. సహజమైన కల్లులో ప్రొద్దెక్కినకొద్దీ తీపి తరుగుతుంది. సాయంకాలానికి కూడా తరగని తీపి అనుమానించదగినది. శాకరిన్ కలిపినా అట్లే ఉంటుంది.

అయితే ఇంద్రియాలకు అందని చెడు వేరొకటి ఉన్నది. డైజీపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తు మందులు కలిపిన కల్లు కూడా తెల్లగానే ఉంటుంది, నురగ కక్కుతుంది. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, దానికి అలవాటుపడిన వారెందరో వణుకుతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలైనారు. 2025 ఏప్రిల్‌లో మన బాన్సువాడకు సమీపంలోని నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాలలో కల్లు త్రాగి పదుల సంఖ్యలో అస్వస్థులైనారు. ఇటువంటి కల్లులో కలిసినదేమిటో ముక్కు, నాలుక చెప్పలేవు. నమూనాను ప్రయోగశాలకు పంపవలసిందే.