పగడపు దీవులకు రెండు దెబ్బలు



పగడము అనగానే మనకు ఉంగరములోని ఎర్రరాయి గుర్తుకు వస్తుంది. ఈ వారం చెప్పుకోబోయేది దాని దూరపు బంధువు గురించి. వెచ్చని, లోతు తక్కువైన నీటిలో గోడలవలె పెరిగే పగడపు దిబ్బలవి. వాటికోసం చాలా దూరము వెళ్ళనక్కరలేదు. తమిళనాడులో రామేశ్వరం నుండి తూత్తుకుడి వరకు, మన్నార్ సింధుశాఖలో, తీరానికి దగ్గరగా 21 చిన్న దీవులు వరుసగా ఉండేవి. “ఉండేవి” అని ఎందుకు వ్రాస్తున్నానంటే, వాటిలో రెండు ఇప్పుడు నీటి క్రింద ఉన్నాయి.

సముద్రమట్టము పెరిగి మునిగాయని తొందరపడి అనుకోకండి. దశాబ్దాల తరబడి ఆ దీవుల చుట్టూ ఉన్న పగడపు రాతిని పెకలించి, పడవలకెత్తి, సున్నపు బట్టీలకు, ఇళ్ళ కట్టడాలకు తరలించారు. అల వచ్చి మొదట తాకేది ఆ దిబ్బనే. అక్కడ దాని బలము విరిగి, మిగిలినది మెల్లగా దీవిని చేరుతుంది. దిబ్బ పోయిన చోట అల నేరుగా వచ్చి ఇసుకను కోసింది. 1986లో ఈ ప్రాంతాన్ని సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించినా తవ్వకము ఆగలేదు. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టములో పులితోపాటు మొదటి షెడ్యూలులో చేర్చారు. అయినా 2004 సునామీ తరువాతగాని ఆ పని నిలిచిపోలేదు. చట్టముకంటె భయమే ఎక్కువ పని చేసిందేమో!

ఇక రెండవ దెబ్బ. పగడము రాయి కాదు, చెట్టు కాదు, ప్రాణి. దాని ఒంటిలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురముంటుంది. ఎండను వాడుకొని ఆహారము తయారుచేసి, ఇంటివారికి అద్దె చెల్లించినట్లు అందులో ఎక్కువ భాగము పగడానికే ఇస్తుంది. దాని రంగు కూడా ఆ నాచు పుణ్యమే. వేసవిలో ఉండే వేడికంటె ఒకటి రెండు డిగ్రీలు పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే, పగడము ఆ నాచును బయటికి నెట్టివేస్తుంది. అప్పుడు తెల్లగా పాలిపోతుంది. అది చావు కాదు, పస్తు. నీరు త్వరగా చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది. ఆలస్యమైతే పగడము ఆకలితో చనిపోతుంది.

మన్నార్‌లో 2010లో ఇదే జరిగింది. 2016లో మరల జరిగింది. ఆ ఒక్క ఏడాదిలోనే బ్రతికివున్న పగడము పరచుకొన్న భాగము సుమారు 39 శాతము నుండి 23 శాతానికి పడిపోయింది. కొమ్మలుగా త్వరగా పెరిగే రకాలే ఎక్కువ పోయాయి. చిన్న చేపలు దాగేది ఆ కొమ్మల మధ్యనే. గుండ్రని బండలవలె నెమ్మదిగా పెరిగే రకాలు చాలావరకు తట్టుకొన్నాయి.

ఈ రెండు దెబ్బలను విడివిడిగా లెక్క వేయడం సరికాదని గమనించండి. జ్వరము తగ్గినవాడికి పథ్యము, విశ్రాంతి కావాలి కదా. తెల్లబడి బ్రతికిన దిబ్బ కోలుకోవడానికి సంవత్సరాలు పడుతుంది. పగడపు పిల్లలు అంటుకోవడానికి శుభ్రమైన రాయి ఉండాలి. మురుగునీరు చేరితే ఆ రాతిమీద పెద్ద నాచు బలుస్తుంది. ఆ నాచును మేసే చిలుక చేపలను వలలు ఎత్తుకుపోతే శుభ్రము చేసేవారుండరు. అడుగును ఈడ్చే వలలు లేపిన బురద ఎండను అడ్డుతుంది. ఇది చాలదన్నట్లు, ఐస్‌క్రీములోను టూత్‌పేస్టులోను వాడే జిగురు కోసం పరదేశపు నాచు నొకదాన్ని మండపం దగ్గర సాగుకు తెచ్చారు. అది కురుసడై దీవి వద్ద పగడాలమీదికి పాకి వాటిని కప్పివేసింది. మరోవైపు గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి, పారిశ్రామిక యుగానికి ముందుకంటె సముద్రపు ఆమ్లగుణము సుమారు 30 శాతము పెరిగింది. పగడము అస్థిపంజరము కట్టుకోవడం ఆ మేరకు కష్టమౌతుంది.

నీటి వేడిని తూత్తుకుడివారు తగ్గించలేరు. అందుకు ప్రపంచమంతా బొగ్గు, చమురు వాడకము తగ్గించాలి. కాని వల, మురుగు, బురద వారి చేతిలోనివే. మన ఆంధ్ర తీరములోవలెనే అక్కడ కూడా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటకు నిషేధమున్నది. చేపల సంతానము కోసం పెట్టిన నియమమది. పగడాలు తెల్లబడే నెలలు కూడా దాదాపు అవే.

తూత్తుకుడి ఎదుట వాన్ దీవి ఉంది. 1969లో సుమారు 20 హెక్టార్లున్న ఆ దీవి 2015 నాటికి రెండు హెక్టార్లకు లోపు మిగిలింది. అది పోతే అల తీరాన్నే తాకుతుంది. 2015 నుండి తమిళనాడు ప్రభుత్వము రంధ్రాలున్న కాంక్రీటు దిమ్మెలను దీవికి ముందు సముద్రములో దింపించింది. వాటి వెనుక ఇసుక మరల చేరసాగింది. దిమ్మెల రంధ్రాలలో చేపలు తిరుగుతున్నాయి, పైన చిన్న చిన్న పగడాలు అంటుకొన్నాయి.