సంతకాల కంటే ముందు, ఓటు తర్వాత

ఫ్లోరిడాలో పౌరులే సంతకాలు సేకరించి రాజ్యాంగ సవరణను బ్యాలెట్ మీదికి తేవచ్చు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ అడవులనూ చిత్తడి నేలలనూ కాపాడుకోవాలనుకునే మనవాళ్లకు వారానికి మిగిలేది మూడు నాలుగు గంటలే. వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలి?

2014లో ఏం జరిగిందో చూడండి. ఇళ్లూ స్థలాలూ చేతులు మారినప్పుడు వసూలయ్యే స్టాంపు పన్నులో 33 శాతం, 20 ఏళ్లపాటు భూముల కొనుగోలుకూ సంరక్షణకూ వెళ్లాలన్న సవరణకు 75 శాతం మంది ఓటేశారు. మరుసటి ఏడాదే ఆ నిధిలోంచి ప్రభుత్వ శాఖల జీతాలకూ నిర్వహణకూ డబ్బు పోయింది. పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. 2018లో కింది కోర్టులో గెలిచాయి, 2019లో అప్పీలులో ఓడిపోయాయి. ఆ డబ్బు కొత్తగా కొనే భూములకేనా, పాత భూముల బాగోగులకూ వాడొచ్చా అన్న దగ్గరే వాదమంతా నడిచింది. అన్ని లక్షల ఓట్లు కొన్ని మాటల అర్థం మీద ఆధారపడ్డాయి. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అందుకే అగ్రిమెంట్లు, లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముసాయిదా దశలోనే చేయి కలపండి. బ్యాలెట్ మీద వచ్చే సారాంశం 75 మాటలు దాటకూడదు, సవరణ ఒక్క విషయానికే పరిమితం కావాలి. ఏ భూమి, ఎప్పుడు కొన్నది, జీతాలకు వాడొచ్చా అన్నవి ఆఫీసు కాంట్రాక్టు చదివినంత శ్రద్ధగా చూడండి.

సంతకాల పని మాత్రం కొండంత. 2024 బ్యాలెట్‌కు 8,91,523 కావలసి వచ్చాయి. అవి ఒకే ఊళ్లో పోగేస్తే చెల్లవు, సగం కాంగ్రెస్ నియోజకవర్గాల నుంచి రావాలి. ఆపైన గెలవడానికి 60 శాతం ఓట్లు. సొంత, కుటుంబ సభ్యుల సంతకాలు కాక 25 పిటిషన్లు (సంతకం చేసిన ఫారాలు) దాటి సేకరించాలంటే ముందే రిజిస్టర్ చేసుకోవాలని 2025 చట్టం చెబుతోంది. పౌరులు కానివారు సేకరించకూడదనీ అందులో ఉంది. దీని మీద వ్యాజ్యాలు నడిచాయి. హెచ్1బీ, గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు సంతకాల సేకరణ జోలికి పోకండి, వాటిని పణంగా పెట్టే సాహసం వద్దు. మీరు సంతకం పెట్టినా చెల్లదు. పౌరులైనా సరే, ఆఫీసు మెయిల్లోనూ మీ కింద పనిచేసేవాళ్ల దగ్గరా అడగవద్దు.

వీసా మీద ఉన్నవాళ్లకూ దారి మూసుకుపోలేదు. 2024 ఆగస్టులో జొనాథన్ డికిన్సన్ స్టేట్ పార్కులో గోల్ఫ్ మైదానాలు కట్టే ప్రతిపాదన వస్తే జనం రోడ్డెక్కారు. రోజుల్లోనే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 2025లో స్టేట్ పార్కుల్లో అలాంటి కట్టడాలను అడ్డుకునే చట్టమూ వచ్చింది. దీనికి బ్యాలెట్ పిటిషన్ అవసరం పడలేదు. ప్రజాభిప్రాయ సభలో నిలబడి మాట్లాడటానికి పౌరసత్వం అడగరు.

ఇక ఓటింగ్ అయ్యాక. 2014 సవరణ 2035 దాకా అమల్లో ఉంటుంది. ఏటా బడ్జెట్ బిల్లులో, ఆ డబ్బు జమయ్యే ల్యాండ్ అక్విజిషన్ ట్రస్ట్ ఫండ్ పద్దులు వెతకండి. భూమికి ఎంత, జీతాలకు ఎంత అన్నది ఒక కాగితం మీద వేసుకుని, మీ ప్రాంత శాసనసభ్యుడికి ఉత్తరం రాయండి. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.