మచ్చీ, నీళ్లెవరు చూస్తారు?

చెన్నై చూలైలో అవధానం పాపయ్య రోడ్డు మీద నలుగురు కుర్రాళ్లు టీ గ్లాసులు పట్టుకుని పది దాటినా కదల్లేదంటే ఏదో టూరు ఖాయమైనట్టే. గండికోట పోదాం, టెంటు వేసుకుందాం, పెన్న లోయ మీద పొద్దు పొడవడం చూద్దాం. స్పీకరు ఎవరు తెస్తారో, ముందు సీటు ఎవరిదో అక్కడికక్కడే తేలిపోతుంది. మంచినీళ్ల సంగతి మాత్రం ఎవరి నోటా రాదు. ఆ ప్రశ్న మీరు అడగండి. అడిగి ఊరుకోకుండా, ఆ పని నాదని చెప్పండి.

ఈ పట్నం నుంచే ఏనుగుల వీరాస్వామి 1830 మే 18 రాత్రి కాశీకి బయల్దేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో పెద్ద ఇంటర్‌ప్రిటర్ ఆయన. వెంట సుమారు వందమంది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దేశంలో అప్పటికి రైలన్నదే లేదు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె కోరిక మీద దారి పొడుగునా రాసి పంపిన సంగతులే ‘కాశీయాత్ర చరిత్ర’. అందులో గుళ్లూ గోపురాలూ ఉన్నాయి, సరే. నాకు ముచ్చటేసేది మజిలీల వివరం. దిగడానికి చోటుందా, నీళ్లు మంచివేనా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, దారి రాళ్లదా ఇసుకదా? అంత హోదా గల మనిషి ఇవన్నీ నౌకర్లు చూసుకుంటారులే అని వదిలేయలేదు. మీ ఆఫీసులో టీమ్ లీడర్ అనిపించుకునేవాళ్లలో ఎంతమందికి ఈ గుణం ఉందో ఓసారి లెక్కేసుకోండి.

కాబట్టి బయల్దేరేముందు ఒక్కొక్కరూ ఒక్కో పనికి పూర్తిగా పూచీ పడండి. ‘అందరం కలిసి చూసుకుందాం’ అన్న పని ఎవరూ చూడరు. నీళ్లు ఒకరు, బండి ఒకరు, వంట ఒకరు, టెంటు ఒకరు. బండి చూసేవాడంటే స్టీరింగ్ పట్టేవాడని కాదు. స్టెప్నీలో గాలి ఉందా, జాకీ ఉందా, జమ్మలమడుగులో ట్యాంకు నింపామా అని చూసేవాడు.

టెంటు తీసుకున్నవాడు వారం ముందే మిద్దె మీద ఒకసారి వేసి చూడాలి. ఆరేసిన బట్టలు పక్కకు జరిపి, కమ్ములు గుడ్డ గొట్టంలోకి ఎక్కించి లేపితే ఏ కొస ఎటో తెలుస్తుంది. కాంక్రీటులో మేకులు దిగవని చికాకు పడకండి. గండికోట బండ మీదా దిగవు. తాళ్లు పెద్ద రాళ్లకు కట్టడం, లోపల నాలుగు మూలలా బరువైన బ్యాగులు పెట్టడం ఆ మిద్దె మీదే నేర్చుకోండి. లోయ అంచున చీకట్లో, గాలికి గుడ్డ ముఖాన కొడుతుంటే ఎవరూ నేర్పరు. ఆ అంచుకు దూరంగా వేయమని వేరే చెప్పాలా?

డబ్బు దగ్గర మొహమాటం వద్దు. తలా ఇంత ఒకరి జీపేలో ముందే వేసేయండి, ఆయన ఏ రాత్రికారాత్రి లెక్క చెప్పాలి. ‘తర్వాత చూసుకుందాం మచ్చీ’ అన్న మాట వల్ల చెడిన స్నేహాలు చూలైలోనే బోలెడు.

ఇక ఆఖరి మాట ఎవరిదన్నది. తిండి దగ్గర ఓట్లు వేసుకోండి, ప్రమాదం దగ్గర వద్దు. నిద్రొస్తోందని డ్రైవరు అన్నాడంటే బండి ఆగాల్సిందే. గండికోట నుంచి శ్రీశైలం పోదామనుకుంటే, ఆ అడవి దారి గేటు రాత్రి 9 గంటలకు వేసేస్తారు, ఉదయం 6 దాకా తీయరు. ‘నేను మాట్లాడతా, పదండ్రా’ అనే వీరుడు ప్రతి జట్టులోనూ ఉంటాడు. అతన్ని గమ్మునుండమనడానికి కాస్త గుండె కావాలి, అదీ అలవాటు చేసుకోండి. ఆస్ట్రేలియా ఎడారి దారుల్లో వెళ్లేవాళ్లకు అక్కడ పదేపదే చెప్పే జాగ్రత్త ఒకటుంది: బండి చెడితే బండి దగ్గరే ఉండు, సాయం కోసం నడిచి పోకు. పైనుంచి వెతికేవాళ్లకు మనిషి కంటే బండి త్వరగా కనబడుతుంది, నీడా ఇస్తుంది. కడప జిల్లా మే ఎండలోనూ ఈ మాట పనికొస్తుంది.

ఎండల్లో వెళ్తుంటే తెల్లవారుజాము నాలుగుకే రెడ్ హిల్స్ దాటేయండి, లారీల బెడద తగ్గుతుంది. తాగడానికే మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల లెక్కన నీళ్లు పెట్టుకోండి. వంటకూ చేతులకూ వేరే క్యాను.

వీరాస్వామి 1836లో కన్నుమూశారు. ఆ రాతలను శ్రీనివాస పిళ్లె 1838లో అచ్చువేయించారు. మీరు కూడా ఏ రాత్రికారాత్రి ఫోన్‌లో నాలుగు ముక్కలు రాసుకుని, తర్వాత వెళ్లే జట్టుకు పంపండి. సెల్ఫీలు ఎటూ చేరతాయి. నీళ్లు ఎక్కడ పట్టారో, బంకు ఎక్కడ తగిలిందో, పంచరు వేసేవాడు ఎన్నింటికి కొట్టు కట్టేస్తాడో, అవి ముందు పంపండి.