గాలం వేసే చెయ్యి: బలాలు, బలహీనతలు

ఈ సంచికకి "మీకు బాగా తెలిసిన విషయం ఒకటి తీసుకుని పాఠంలా రాయండి" అని మన క్లబ్ గ్రూపులో అడిగారు. నాకు బాగా తెలిసినవి రెండే. ఒకటి, పరీక్ష ముందురాత్రి ఐదు యూనిట్లు చదవడం. రెండు, బాస్ చేపని పట్టడం. మొదటిదాంట్లో ఇక్కడ అందరూ ప్రొఫెసర్లే కాబట్టి రెండోదాని గురించి రాస్తున్నాను.

బాస్ అనగానే మీలో సగంమందికి మెగాస్టార్ గుర్తొస్తారని తెలుసు. ఇది ఆ బాస్ కాదు. రెస్టారెంట్ మెనూలో "సీబాస్" అని రాసే మన పండుగప్ప కూడా కాదు. ఇది ఉత్తర అమెరికా మంచినీటి చేప. లార్జ్‌మౌత్, స్మాల్‌మౌత్ అని ఇందులో ముఖ్యమైన రకాలు రెండు. మనవైపు దేనితోనైనా పోల్చమంటే నేను కొర్రమేనుతో పోలుస్తాను. చూడ్డానికి రెండిటికీ పోలికే లేదు, బుద్ధి మాత్రం ఒకటే. నాచులోనో, మునిగిన మొద్దు పక్కనో నక్కి కూర్చుని, దగ్గరికొచ్చినదాన్ని ఒక్కసారిగా మింగుతుంది. కొర్రమేనులాగే పిల్లలకి కాపలా కాస్తుంది (బాస్‌లో ఆ పని మగచేపది). రికార్డు చేప 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే సుమారు 10 కిలోలు. 1932లో జార్జియాలో పడింది. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో దానికి సమానమైనది ఇంకొకటి పడింది. నేను పట్టినవాటి బరువు ఇక్కడ రాయను.

నేను ఎనిమిదో తరగతి దాకా డాలస్ పక్కన పెరిగాను. మా ఇంటికి అరగంట దూరంలో లూయిస్‌విల్ లేక్. ప్రతి ఆదివారం పొద్దున నాన్నా నేనూ గట్టు మీద నిలబడి గాలం వేసేవాళ్లం. పడవ లేదు, కొనే ఆలోచనా లేదు. నాన్న పెట్టె ఒకటి, నా పెట్టె ఒకటి. పాఠం ఈ రెండు పెట్టెల్లోనే ఉంది.

నాన్న పెట్టె నిండా ప్లాస్టిక్ వానపాములు. ఊదా, నలుపు, పుచ్చకాయ రంగు. దారానికి ముందు తూటా ఆకారంలో చిన్న బరువు గుచ్చి, తర్వాత కొక్కెం కట్టి, కొక్కెం మొనని ఆ మెత్తటి పాములోనే దాచేస్తారు. దీన్ని టెక్సస్ రిగ్ అంటారు. మొన బయటికి లేదు కాబట్టి నాచులో, కొమ్మల్లో తగులుకోదు. నీటి అడుక్కి దించి, కాస్త కదిపి, ఆపి, మళ్లీ కదిపి, నెమ్మదిగా తెచ్చుకోవాలి. ఒక్క విసురుకి రెండు మూడు నిమిషాలు పట్టినా నాన్నకి తొందర ఉండేది కాదు.

నా పెట్టె నిండా క్రాంక్‌బెయిట్లు. చిన్న చేప ఆకారం, మూతికి ప్లాస్టిక్ పలక, కడుపు కింద, తోక దగ్గర మూడు మొనల కొక్కేలు. రీలు తిప్పుతుంటే ఆ పలక నీటిని తోసుకుంటూ ఎరని కిందికి ముంచుతుంది, అది ఊగుతూ వస్తుంది. విసురు, లాగు, మళ్లీ విసురు. నాన్న ఒకచోట పది విసుర్లు వేసేలోపు నేను గట్టు పొడవునా నడిచి వచ్చేసేదాన్ని.

ఇద్దరికీ చేపలు పడేవి. అందుకే ఎవరి బలహీనత ఏమిటో మాకు చాలాకాలం తెలీలేదు.

ఇక్కడ కాస్త ఇంజనీరింగ్. క్రాంక్‌బెయిట్ కదులుతూనే ఉంటుంది, దారం బిగుతుగానే ఉంటుంది. చేప దాన్ని కొట్టిందంటే మూడు మొనల్లో ఏదో ఒకటి దానంతటదే గుచ్చుకుంటుంది. మనిషి చెయ్యాల్సిందల్లా తిప్పడం ఆపకపోవడమే. ఆ కొక్కేలు చిన్నవి, గట్టిగా లాగితే చీల్చుకుని ఊడిపోతాయి. అందుకే దీనికి వంగే రాడ్ కావాలి, ఫైబర్‌గ్లాస్‌వి చాలామంది వాడతారు. వానపాము వ్యవహారం పూర్తిగా వేరు. బాస్ దాన్ని కొరకదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి పీల్చుకుంటుంది. మన చేతికి వచ్చేది "టక్" అని చిన్న తట్టు, ఒక్కోసారి అదీ రాదు. దారం కొంచెం పక్కకి జరుగుతుంది, లేదా అడుగున ఉండాల్సిన బరువు ఉన్నట్టుండి లేనట్టనిపిస్తుంది. ఇది నకిలీదని చేపకి తెలిసి ఉమ్మేసేలోపు మీరు గుర్తుపట్టి రాడ్ ఎత్తాలి. అందుకే దీనికి బిరుసైన కార్బన్ రాడ్, ఎందుకంటే సన్న కంపనం కూడా చేతిదాకా రావాలి. సెన్సర్ భాషలో చెప్పాలంటే వానపాము వేసేవాడికి సిగ్నల్ చాలా చిన్నది, నాయిజ్ చాలా ఎక్కువ. రాయి తగిలినా టక్, కొమ్మ తగిలినా టక్.

అంటే నాకున్న అతిపెద్ద లోపం, చేప ముట్టిందో లేదో చేతికి తెలియకపోవడం, క్రాంక్‌బెయిట్ వాడినంతకాలం బయటపడే అవకాశమే లేదు. ఆ ఎర నా బదులు ఆ పని చేసిపెడుతోంది. అలాగే నాన్నకి దూరంగా, గురి చూసి, త్వరత్వరగా విసరడం రాదు. కాళ్ల ముందు నీళ్లలో వానపాము ఆడించేవారికి ఆ అవసరం ఏముంది?

పెద్ద ఆటగాళ్లలోనూ ఈ రెండు రకాల చేతులు కనిపిస్తాయి. వేగంగా ఎక్కువ నీటిని జల్లెడ పట్టే పద్ధతిని పవర్ ఫిషింగ్ అంటారు. సన్నదారం, చిన్న ఎర, ఓపిక, ఇది ఫినెస్. మొదటిదానికి మిషిగన్ మనిషి కెవిన్ వాన్‌డామ్, రెండోదానికి కాలిఫోర్నియాలో పెరిగిన ఆరన్ మార్టెన్స్. 2005లో పిట్స్‌బర్గ్ నదుల మీద బాస్‌మాస్టర్ క్లాసిక్ జరిగింది. ఈ ఆటలో అదే వరల్డ్ కప్ అనుకోండి. రోజుకి ఐదు చేపల లెక్కన మూడు రోజుల మొత్తం బరువు చూస్తారు. ఆ నదుల్లో చేపలు చిన్నవి, అరుదు. వాన్‌డామ్ మూడు రోజుల మొత్తం 12 పౌండ్ల 15 ఔన్సులు, మార్టెన్స్ 12 పౌండ్ల 9 ఔన్సులు. తేడా 6 ఔన్సులు, మన లెక్కలో 170 గ్రాములు, ఓ పెద్ద ఉల్లిపాయ. 2011లో లూసియానాలో మళ్లీ వీళ్లిద్దరే మొదటి రెండు స్థానాల్లో. ఈసారి వాన్‌డామ్ చతురస్రపు మూతి క్రాంక్‌బెయిట్‌తో 69 పౌండ్ల 11 ఔన్సులు తెచ్చారు. మార్టెన్స్ కంటే పది పౌండ్లకి పైగా ఎక్కువ.

ఇది చదివి "వేగమే గెలుస్తుంది" అని పదేళ్ల వయసులో నేను తీర్పిచ్చేశాను. నాన్నకి కూడా వినిపించాను. మార్టెన్స్ క్లాసిక్‌లో నాలుగుసార్లు రెండో స్థానంలో ఆగిపోయిన మాట నిజమే. కానీ ఒక్క వారాంతం కాకుండా సీజన్ మొత్తం, రకరకాల చెరువుల్లో, నదుల్లో నిలకడగా ఆడినవాళ్లకి ఇచ్చే ఆంగ్లర్ ఆఫ్ ద ఇయర్ ఆయనకి మూడుసార్లు వచ్చింది: 2005, 2013, 2015. ఈ సగం సమాచారం నాకు అక్కర్లేదు కాబట్టి చదవలేదు. ఆయన 2021లో బ్రెయిన్ క్యాన్సర్‌తో చనిపోయారు. అప్పటికి మేం హైదరాబాద్ వచ్చేశాం. ఆ వార్త చూసి నాన్న ఆ పూట ఎక్కువ మాట్లాడలేదు.

గాలం వేసేవాళ్ల మాటల్లో "నమ్మకం ఉన్న ఎర" అనే మాట తరచుగా వస్తుంది. ఈసీఈ వాళ్లు దీన్ని చూడగానే పాజిటివ్ ఫీడ్‌బ్యాక్ అని గుర్తుపడతారు. ఒక ఎర మీద నమ్మకం ఉంటే దాన్ని ఎక్కువసేపు వేస్తాం, శ్రద్ధగా వేస్తాం, మంచి చోట్లలో వేస్తాం. కాబట్టి దానికే చేపలు పడతాయి, కాబట్టి నమ్మకం ఇంకా పెరుగుతుంది. రెండో ఎరని ఎప్పుడు తీస్తాం? మొదటిది ఫెయిలయ్యాక, ఎండెక్కాక, విసుగొచ్చాక, పావుగంట. అదీ పడకపోతే "ఇది నాకు పనిచెయ్యదు" అంటాం. నాన్న దగ్గర ఒక నోటుబుక్ ఉండేది. తేదీ, గాలి, నీటి రంగు, ఏ ఎర, ఎంతసేపు, ఏం పడింది, అన్నీ రాసేవారు. ఒకసారి అందులో నా పేరు కింద వానపాము వేసిన సమయమంతా కూడాను. ఏడాది మొత్తం మీద ఒక్క ఆదివారం పొద్దునంత కూడా కాలేదు. అంత చిన్న శాంపిల్‌తో నేను ఒక చేపజాతి అభిరుచుల గురించి సిద్ధాంతం చేశాను!

మిగతా బలహీనతల గురించి క్లుప్తంగా. గట్టు కనిపిస్తే తప్ప గాలం వెయ్యలేకపోవడం చాలామందికుంది. ఎండాకాలం చేప లోతుకి వెళ్లిపోయినా వీళ్లు ఒడ్డునే కొడుతుంటారు. నిన్న పడిన చోటుకే ఇవాళా వెళ్లడం ఇంకొకటి. చలిగాలులు వచ్చి ఆకాశం తేటపడితే చేప మూతి బిగించేస్తుంది, నిన్నటి లెక్క ఇవాళ చెల్లదు. ఈ మధ్య వచ్చినది సోనార్ గొడవ. 2018లో గార్మిన్ లైవ్‌స్కోప్ వచ్చాక పడవ ముందు చేప కదలడం స్క్రీన్ మీద అప్పటికప్పుడు కనిపిస్తోంది. వీడియోగేమ్స్ ఆడి పెరిగిన కుర్రాళ్లకి అది బలం, నీటిని చూసి ఊహించడం నేర్చిన పాతతరానికి అది బెంగ. చివరికి టోర్నమెంట్ల వాళ్లు దాని వాడకానికి పరిమితులు పెట్టాల్సివచ్చింది. నాకైతే పాతతరం మీదే జాలి, కానీ రిక్ క్లన్ గురించి చదివితే ఆ జాలి కొంచెం తగ్గుతుంది. ఆయన ఒకప్పుడు ఎక్సాన్‌లో కంప్యూటర్ ప్రోగ్రామర్. ఉద్యోగం వదిలేసి చేపల వెంట పడ్డారు. క్లాసిక్ నాలుగుసార్లు గెలిచారు, మొదటిది 1976లో. తర్వాత 2019లో ఫ్లోరిడా సెయింట్ జాన్స్ నది మీద, 72 ఏళ్ల వయసులో, ఇంకో పెద్ద టోర్నమెంట్ గెలిచారు.

నాన్నా ప్రోగ్రామరే. ఒకే కంపెనీ, ఒకే ప్రాజెక్టు, 11 ఏళ్లు. ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని పాత మెయిన్‌ఫ్రేమ్ కోడ్ ఆయన చేతిలో వానపాములా ఆడేది. ఎక్కడ తట్టు వచ్చినా ఆయనకి తెలిసేది. 2019 మొదట్లో ఆ ప్రాజెక్టు తీసేశారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోగా ఇంకోటి దొరకాలి, లేకపోతే బయల్దేరాలి. ఇంటర్వ్యూల్లో వాళ్లు అడిగేవి ఈయన వాడినవి కావు, ఈయనకి వచ్చినవి వాళ్లు అడగరు. ఇదంతా నాకు అప్పుడు తెలీదు. నాన్న వారంమధ్యలో కూడా లేక్‌కి వస్తున్నారని సంతోషించాను, అంతే.

మార్చిలో మా ఆఖరి ఆదివారం. కారు ఆపాక నాన్న నా పెట్టె తన చేతిలోకి తీసుకుని, "చిన్నీ, ఇవాళ నీది నాకు, నాది నీకు" అన్నారు.

"ఎందుకు నాన్నా? రెండింటికీ ఏమీ పడవు."

"పడకపోతే పోనీ."

ఆయన నా రీలుతో మొదటి విసురు విసిరారు. ఎర నీళ్లలో పడింది, రీలు మాత్రం ఆగకుండా తిరిగింది. దారమంతా తుమ్మకంపలా చిక్కుపడిపోయింది. అది విడదీయడానికి పది నిమిషాలు. రెండో విసురు ఎదురుగా ఉన్న మొద్దులోకి. తెగిపోయింది, నాకిష్టమైన ఎర్ర క్రాంక్‌బెయిట్. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన నవ్వి ఇంకోటి కట్టుకున్నారు. అదీ పోయింది. అయినా ఆపలేదు. గట్టు వెంట నడుస్తూ, నాలాగే, అక్కడొకటి ఇక్కడొకటి వేస్తూ పోయారు. నాన్న అలా నడుస్తూ గాలం వెయ్యడం నేనెప్పుడూ చూడలేదు.

నేను ఒకేచోట నిలబడ్డాను. దించడం, కదపడం, ఆపడం. రెండు గంటలు. రాయికి టక్ అంటే ఎత్తాను, కొమ్మకి టక్ అంటే ఎత్తాను. తర్వాత విసుగొచ్చి ఎత్తడం మానేశాను. నాన్న తిరిగొచ్చి నా పక్కన నిలబడ్డారు. కాసేపు నీళ్లు చూసి, మెల్లగా, "రాడ్ కాదమ్మా, దారం చూడు" అన్నారు.

దారం ఎడమవైపుకి జరుగుతోంది. గాలి కుడివైపు నుంచి లేదు. చేతికి ఏమీ తెలియలేదు, నిజంగా ఏమీ లేదు. ఎత్తాను.

టెక్సస్‌లో 14 అంగుళాల లోపు లార్జ్‌మౌత్‌ని ఉంచుకోకూడదు. నాన్న స్కేలు పట్టి, తడిచేత్తో పట్టుకుని, నన్నే వదలమన్నారు. ఆ నోటుబుక్ ఇప్పుడు నా హాస్టల్ గదిలో ఉంది. ఆఖరి పేజీలో ఆయన రాత: "17-3-19. గాలి లేదు. నీళ్లు మట్టిరంగు. నేను: క్రాంక్, 2 గం. 40 ని., సున్న, ఎరలు రెండు పోయాయి. చిన్ని: వానపాము, అంతే సేపు, 1. పదమూడున్నర అంగుళాలు. వదిలేశాం."