జ్వరం పోయినా దగ్గు పోలేదా?

ఫ్లూ, కోవిడ్ లాంటి వైరస్ జ్వరాలు చాలామందికి వారం లోపే దిగిపోతాయి. దగ్గు మాత్రం అంత తొందరగా వదలదు. వైరస్ పోతూ పోతూ శ్వాసనాళాల లోపలి పొరను ఒరిపించి పోతుంది. అది మానేదాకా కాస్త దుమ్ము తగిలినా, చల్లగాలి పీల్చినా దగ్గు తెరలు వస్తాయి. ఈ పొడిదగ్గు మూడు నుంచి ఎనిమిది వారాలుండి తనంతట తానే తగ్గుతుంది.

"లోపల జ్వరం ఇంకా ఉందండీ" అంటూ మళ్ళీ మళ్ళీ సూది వేయించుకునేవారు మన ఊళ్ళలో ఎక్కువ. యాంటీబయాటిక్ బిళ్ళలు వైరస్ మీద పనిచేయవు, డబ్బు దండగ. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ సూది అసలే వద్దు. అది ఒంట్లో షుగరు పెంచుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ బారిన పడ్డవారిలో షుగరు ఉన్నవాళ్ళు, స్టెరాయిడ్లు వాడినవాళ్ళే ఎక్కువ. గోరువెచ్చని ఉప్పునీళ్ళు పుక్కిలించండి, పడుకునే ముందు చెంచాడు తేనె తీసుకోండి. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె పెట్టకూడదు.

నూర్పిడి దుమ్ము, మిరప ఘాటు, పొయ్యి పొగ దగ్గును రేపుతాయి. పని మానుకోమంటే కుదరదు. కళ్ళంలో గాలి వచ్చే వైపు నిలబడండి, ముక్కూ నోరూ మూసేలా తువ్వాలు మడిచి కట్టుకోండి. బీడీ మాత్రం మానాల్సిందే, అందులో బేరం లేదు.

కోవిడ్ తర్వాత కొందరికి నెలల తరబడి వాసన తెలియదు. అన్నం రుచించడం లేదని ఊరుకుంటారు గానీ, అసలు చిక్కు పురుగుమందు దగ్గర వస్తుంది. వాసన రాలేదు కదా, మందు మీద పడలేదులే అనుకోవద్దు. వాసన తిరిగి వచ్చేదాకా మందు కలపడం, కొట్టడం ఇంకొకరికి అప్పగించండి. గ్యాస్ బండ లీకైనా మీకు తెలియదని ఇంట్లోవాళ్ళకు చెప్పి ఉంచండి.

ఇక నీరసం. గాలికుంటు నుంచి లేచిన ఎద్దు ఎండలో రొప్పుతుంటే దాన్ని కాడికి కట్టం కదా. మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి ఆ దయ ఉండదు. ఓపిక వచ్చిందని ఒక్కరోజే కలుపంతా తీసి మర్నాడు మంచాన పడతాం. మొదట ఒక పూట, అదీ మధ్య మధ్య కూర్చుంటూ చేయండి. మర్నాడు ఒళ్ళు తూలకపోతేనే పని పెంచండి.

ఇంతవరకూ చెప్పింది చూసి, ఏ దగ్గయినా వైరస్ దగ్గే అని మీకు మీరే తేల్చుకోవద్దు. క్షయ కూడా దగ్గుతోనే మొదలవుతుంది. దగ్గు రెండు వారాలు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో తెమడ పరీక్ష చేయించుకోండి. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే ఆ రెండు వారాలూ కూడా ఆగవద్దు. తెమడలో రక్తం కనిపించినా, గుండెలో నొప్పి వచ్చినా, కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. క్షయ పరీక్షా, మందులూ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. ఆ కాలంలో తిండి ఖర్చుకు కేంద్రం ఇచ్చే సాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు 500 నుంచి 1,000 రూపాయలకు పెంచారు. ఆశా కార్యకర్తను అడిగితే పేరు రాయిస్తారు.

పరీక్షకు ఇవ్వాల్సింది నోట్లో ఉమ్మి కాదు. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెచ్చిన కఫం ఇవ్వాలి.