పీకించేద్దామా, ఉంచుకుందామా?

ప్రశ్న: నా వయసు 34. కింది దవడ పన్ను ఒకటి రెండేళ్ళ క్రితం పుచ్చింది. పోటు వచ్చినప్పుడల్లా మాత్ర వేసుకుని నెట్టుకొచ్చాను. ఈమధ్య నొప్పే లేదు. అయినా డాక్టరు గారు ఎక్స్‌రే చూసి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకోమన్నారు. మా అత్తగారేమో పీకించేస్తే పీడా పోతుందంటున్నారు. నొప్పి లేని పంటికి ఇంత ఖర్చు అవసరమా?
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: నొప్పి దానంతటది పోవడం మంచి కబురు కాదమ్మా. పంటి నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తటి గుజ్జు ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా దిగితే చల్లనీళ్ళు తగిలినా జివ్వుమంటుంది, రాత్రి పడుకుంటే పోటెక్కుతుంది. గుజ్జు చచ్చిపోయాక ఆ పోటు ఉండదు. క్రిములు మాత్రం వేరు కొసదాకా దిగి ఎముకలో చీము పట్టిస్తాయి. ఎప్పుడో ఒకనాడు తెల్లారేసరికి బుగ్గ బూరెలా పొంగుతుంది. అది ఇంట్లో పెళ్ళి పనుల మధ్యో, పిల్లల పరీక్షలప్పుడో వస్తుంది, అదేం విచిత్రమో!

కాబట్టి తీయాలా వద్దా అనేది నొప్పిని బట్టి తేల్చేది కాదు. మేం చూసేవి వేరు. చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది? క్యాప్ పట్టుకోవడానికి చుట్టూ ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల అంచైనా ఉందా? వేరు నిలువునా చీలిందా? చుట్టూ ఎముక ఎంతమేర కరిగింది? వేరు చీలిన పన్ను ఎంత ఖర్చు పెట్టినా నిలవదు, తీసేయాల్సిందే. పుచ్చు చిగురు కిందికి బాగా దిగిపోయినా దాదాపు అంతే. మీ డాక్టరు ఎక్స్‌రే చూశాక కూడా రూట్ కెనాల్ అన్నారంటే, ఆ పన్ను నిలుస్తుందనే నమ్మకంతోనే అని ఉంటారు.

పీకించడం చౌకే, మీ అత్తగారి మాట కాదనను. కానీ ఆ ఖాళీలోకి వెనక పన్ను వాలుతుంది, పై పన్ను కిందికి జారుతుంది. ఆ సందుల్లో మెతుకులు ఇరుక్కుని బాగున్నవి కూడా పుచ్చడం మొదలెడతాయి. అప్పుడు బ్రిడ్జి కట్టించుకోవాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయాలి. ఇంప్లాంట్ అయితే మామూలుగా రూట్ కెనాల్, క్యాప్ కలిపినా దానికంటే ఎక్కువే అవుతుంది. చేతిలో డబ్బు ఆడకపోతే మీకు విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆస్పత్రి దగ్గరే. వరసలో కూర్చునే ఓపిక ఉండాలంతే.

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్ళు. షుగర్ ఉంది. మూడేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేశారు, ఆస్పిరిన్ వాడుతున్నారు. పైన రెండు దవడ పళ్ళు బాగా కదులుతున్నాయి, తీసేయాలన్నారు. పై పళ్ళు తీయిస్తే చూపు పోతుందని, ఆ మాత్రలు వాడేవాళ్ళకు రక్తం ఆగదని నలుగురూ అంటుంటే ఆయన జడుసుకుంటున్నారు. అసలు ఎలా తీస్తారు?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: చూపు మోసే నరం వేరు, పై పళ్ళకు వెళ్ళే నరం వేరు. పన్ను తీస్తే కన్ను పోదు. పళ్ళు ఊడే వయసూ, కంట్లో శుక్లాలు ముదిరే వయసూ ఒకటే కావడం వల్ల ఈ నింద పంటి మీద పడి ఉంటుంది.

ఆస్పిరిన్‌ను మీ అంతట మీరు ఆపించకండి. పంటి గుంటలో రక్తం కాసేపు ఎక్కువ ఊరినా గాజుగుడ్డ నొక్కిపెట్టో, ఒక కుట్టు వేసో ఆపుతాం. మాత్ర మానడం వల్ల స్టెంటులో గడ్డ కట్టిందంటే అది ప్రాణం మీదికొస్తుంది. వాడే మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి. ఎముకలు గుల్లబారకుండా అలెండ్రోనేట్, జొలెడ్రోనిక్ ఆసిడ్ లాంటివి ఎప్పుడైనా వాడి ఉంటే తప్పక చెప్పండి, వాటివల్ల అరుదుగా దవడ ఎముక మానకుండా మొరాయిస్తుంది. ఇక షుగర్ ఉన్నవాళ్ళు పొద్దుటి పూట టిఫిన్ తిని, మందు వేసుకునే రావాలి. పన్ను తీస్తారని పరగడుపున వచ్చి కుర్చీలో కళ్ళు తిరిగిపోయేవాళ్ళు తక్కువేం కాదు.

తీసే పద్ధతి చెబుతాను. ముందు చిగురుకు మత్తు ఇంజెక్షన్ ఇస్తారు, సూది చురుకు కొన్ని సెకన్లే. కాసేపటికి ఆ వైపంతా మొద్దుబారుతుంది. మత్తు నొప్పిని ఆపుతుంది గానీ ఒత్తిడిని ఆపదు. ఇది ముందే తెలియకపోతే నొక్కుడు తగలగానే ‘నాకు మత్తెక్కలేదు’ అని బెంబేలెత్తిపోతారు. నిజంగా నొప్పే అయితే చెయ్యి ఎత్తమనండి, ఇంకాస్త మందు ఇస్తారు. పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు, మధ్యలో సన్నని నారల పొర పట్టి ఉంచుతుంది. ఆ పట్టు సడలించి, పటకారుతో అటూ ఇటూ మెల్లగా వంచుతూ గుంటను వెడల్పు చేస్తాం. లాగడం చివర్లో ఒక్క క్షణమే. కిర్రుమనే చప్పుడు ఎముక గుండా చెవికి పెద్దగా వినిపిస్తుంది, దానికి భయపడక్కర్లేదు. మీ నాన్నగారి పళ్ళు ఎలాగూ వదులయ్యాయి. మత్తు ఎక్కడానికి పట్టినంత సేపు కూడా వాటిని తీయడానికి పట్టకపోవచ్చు.

ప్రశ్న: కింది జ్ఞానదంతం తీయించుకున్నాను. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు నుంచి చెవి దాకా పోటు, నోట్లో దుర్వాసన. ముక్క లోపల వదిలేశారేమో అనిపిస్తోంది. (సిగరెట్ అలవాటుంది.)
– ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: బ్రాకెట్లో రాసినదే అసలు సంగతి కావచ్చు. గుంటలో కట్టిన రక్తపు గడ్డే పుండుకు మూత. పొగ పీల్చినా, గట్టిగా పుక్కిలించి ఉమ్మినా అది ఊడి ఎముక బయటపడుతుంది. దీన్ని డ్రై సాకెట్ అంటాం. కింది జ్ఞానదంతాల దగ్గర ఎక్కువ. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని మింగితే ఈ పోటు తగ్గదు. తీసిన డాక్టరు దగ్గరికే వెళ్ళండి. గుంట కడిగి మందు పెడితే చాలామందికి ఆ పూటే ఉపశమనం దొరుకుతుంది. ముక్క మిగిలిందో లేదో ఎక్స్‌రేలో తేలిపోతుంది.

తీయించుకోబోయేవాళ్ళు కూడా వినండి. గాజుగుడ్డను అరగంటకు పైగా గట్టిగా కొరికిపట్టండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. ఆ రోజంతా ఉమ్మడం, స్ట్రాతో తాగడం, వేడి కాఫీ వద్దు. చల్లారిన పెరుగన్నం తినండి, ఆవకాయ నాలుగు రోజులు ఆగుతుంది. ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్ళు మర్నాటి నుంచే, అదీ మెల్లగా. వాపు రెండు మూడు రోజులు పెరిగి తగ్గడం మామూలే. ఆ తర్వాతా పెరుగుతుంటే, జ్వరం వస్తే డాక్టరుకు చూపించండి. మింగుడు పడకపోయినా, దవడ కింద మెడ బిగుసుకున్నా అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి.

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల నా ముందు పళ్ళన్నీ గోధుమ రంగు మచ్చలు. సంబంధాలు చూస్తున్నారు. తీయించి కొత్తవి పెట్టించుకోవచ్చా?
– ఒక విద్యార్థిని

జవాబు: వద్దు తల్లీ. మచ్చ పంటి పై పొరలోదే, వేరు గట్టిగానే ఉంటుంది. మచ్చలు పలచనైతే పైపొరను కాస్త రుద్ది తేలికపరచవచ్చు. ముదురువైతే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థంతోనో, పలచని పింగాణీ పొరతోనో కప్పుతారు. ఒక పంటికి చేయించుకుని అద్దంలో చూసుకున్నాకే మిగతావాటి మాట చెప్పండి.